చచ్చిన గొర్రెకు కత్తి పెట్టకండి: ఆంత్రాక్స్ మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో మన్యం జ్వరాల గురించి రాస్తూ, పశువుల నుంచి మనుషులకు అంటుకునే ఆంత్రాక్స్ జబ్బు పేరు ఒక్కసారి ఎత్తాను, అంతే. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. కొన్ని పాడేరు, అరకు వైపు నుంచి, కొన్ని మన సిటీలోంచే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ నెల పేజీలు దీనికే ఇచ్చేస్తున్నాను, షుగరు గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను విశాఖ నుంచి వెళ్లి ఏజెన్సీలో పనిచేస్తున్న టీచర్‌ని. మా బడి ఉన్న ఊళ్లో మొన్న ఒకే రోజు రెండు మేకలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. పారేయడం ఎందుకని కోసి పోగులు వేసుకున్నారు. వారం తిరక్కుండానే కోసినవాళ్లలో ఒకాయన చేతి మీద పొక్కు లేచి మధ్యలో నల్లబడింది. నొప్పి లేదు కదా, ఆస్పత్రికి ఎందుకు అంటున్నాడు. ఇది ఆంత్రాక్సేనా? బడిపిల్లలకు అంటుకుంటుందా? – ఒక ఉపాధ్యాయిని, హుకుంపేట మండలం

జవాబు: టీచర్ గారూ, ముందు ఆయన్ని ఇవాళే పీహెచ్‌సీకి పంపండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఉన్నట్టుండి చచ్చిన మేక, దాన్ని కోసిన చెయ్యి, వారంలోపు పొక్కు, నొప్పి లేని నల్లటి పక్కు. ఇవన్నీ ఒకచోట కలిస్తే చర్మపు ఆంత్రాక్స్ అనే అనుమానించి మందు మొదలుపెట్టాలి. పొక్కులోంచి రసం తీసి ల్యాబ్‌కు పంపుతారు, వీలైతే మొదటి మాత్ర వెయ్యకముందే తీస్తారు, కానీ రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి కూర్చోరు.

మొదట దోమ కుట్టినట్టు చిన్న దద్దురు వస్తుంది, దురద పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో చుట్టూ నీటిపొక్కులు లేస్తాయి, ఆపైన మధ్యలో పుండు పడి నల్లటి పక్కు కడుతుంది. పుండు రూపాయి బిళ్లంతే ఉన్నా ఒక్కోసారి వాపు ముంజేయంతా పాకుతుంది. చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, కానీ నొక్కితే నొప్పి ఉండదు, అక్కడే మనుషులు మోసపోతారు. అదే నొప్పి ఉండుంటే మీరు చెప్పిన ఆయన ఎవరూ బతిమాలకుండానే ఆస్పత్రికి వచ్చి ఉండేవాడు.

మందులు కొత్తవేమీ కావు, ఖరీదైనవీ కావు. పెనిసిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, వీటిలో ఏది, ఎన్ని రోజులన్నది మనిషిని చూసి డాక్టరు చెప్తారు, మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకునే పని పెట్టుకోవద్దు. మందు అందితే చర్మపు రకంలో చనిపోయేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు. అందకపోతే ఆ సూక్ష్మజీవి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడు పొరల దాకా పాకి నూటికి ఇరవై మంది వరకూ పోవచ్చు. ఇంకో సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి, మందు మొదలుపెట్టాక కూడా పుండు తన దశలన్నీ దాటుకుంటూ నల్లబడుతూనే ఉంటుంది, పక్కు రాలడానికి వారం రెండు వారాలు పడుతుంది. మందు పనిచెయ్యలేదనుకుని మధ్యలో మానేస్తారు చాలామంది. బ్లేడుతో గీయించడం, పిండటం, వాతలు పెట్టించడం మాత్రం అస్సలు వద్దు, లోపల ఉన్నదాన్ని చేజేతులా ఒళ్లంతా పంపినట్టవుతుంది.

మన ఏజెన్సీలో నల్లటి పక్కు కనిపిస్తే ఇంకో జబ్బు కూడా గుర్తుకు రావాలి, స్క్రబ్ టైఫస్. చిన్న పురుగు కుడితే వచ్చేది అది. అందులో పక్కు చిన్నగా, చాలాసార్లు చంకలోనో గజ్జల్లోనో బట్టల చాటున ఉంటుంది, జ్వరం తలనొప్పి మనిషిని మంచాన పడేస్తాయి. ఆంత్రాక్స్ పుండు చేతులు, ముఖం, మెడ లాంటి బయటి చోట్ల వస్తుంది. ముఖం మీదో మెడ మీదో వచ్చిందంటే మాత్రం వాపు గొంతును నొక్కేసి ఊపిరాడనివ్వదు, అలాంటప్పుడు రేపు చూద్దాం అనుకోకుండా 108 పిలిచి పాడేరుకు, వాళ్లు చెప్తే విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు తీసుకురావాలి.

ఇక పిల్లలు. ఆయన దగ్గినా తుమ్మినా, పక్కన కూర్చున్నా ఈ జబ్బు రాదు. పుండు రసం ఇంకొకరి ఒంటి మీద గాయానికి తగిలితే అరుదుగా అంటుకోవచ్చు, కాబట్టి పుండు మీద కట్టు ఉండాలి, తువ్వాలు వేరుగా వాడాలి, అంతే చాలు. పిల్లల్ని బడి మాన్పించే పని లేదు. మీరు ఆరా తియ్యాల్సింది ఆ మేకల గురించి: ఎవరు ఒలిచారు, ఎవరు కడిగారు, ఏ ఇళ్లలో తిన్నారు, ఎవరింట్లో ముక్కలు ఎండబెట్టి దాచారు. కూర అయిపోయింది సరే, ఆ ఎండుముక్కలు ఇంకా ఉంటాయి. వాటిని కుక్కలకు వెయ్యకుండా, గెడ్డలో పారేయకుండా పశువుల డాక్టరుకు చెప్పి కాల్పించాలి. తిన్నవాళ్లకు వారం లోపు జ్వరం, కడుపునొప్పి, నెత్తురు వాంతులు, రక్త విరేచనాలు, గొంతు దగ్గర వాపు, వీటిలో ఏది వచ్చినా ఆస్పత్రే. కడుపులోకి వెళ్లిన ఆంత్రాక్స్ చర్మపు రకంలా మెత్తగా వదిలిపెట్టదు, మందు ఆలస్యమైతే సగం మంది దాకా పోతారు.

ఊరివాళ్లను తిట్టకండి. మేక అంటే వాళ్లకు బ్యాంకులో డబ్బు, అది కళ్ల ముందు చచ్చిపోతే పోగులు వేసి నాలుగు రూపాయలు రాబట్టుకోవడం తప్పుగా అనిపించదు, నెలజీతం వచ్చే మనలాంటివాళ్లం అది మరచిపోయి మాట్లాడతాం. పైగా తిడితే ఇంకోసారి చెప్పకుండా దాస్తారు.

ప్రశ్న: సార్, మాది సబ్బవరం దగ్గర, గొర్రెలున్నాయి. పొద్దున్న బాగున్న గొర్రె సాయంత్రానికి చచ్చి పడుంటుంది, ఒక్కోసారి ముక్కులోంచి నెత్తురు కారుతుంది. దొమ్మరోగం అంటారు మా నాన్న. దొమ్మ, ఆంత్రాక్స్ ఒకటేనా? అసలు ఎక్కణ్నుంచి వస్తుందండీ, మా మంద అడవికి కూడా వెళ్లదు. – పేరు వద్దన్నారు

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజం, దొమ్మరోగమే ఆంత్రాక్స్. అయితే ఉన్నట్టుండి చచ్చిన ప్రతి గొర్రెదీ దొమ్మే కానక్కర్లేదు, చిటుకు రోగంలో కూడా అలాగే పోతాయి. తేడా చూసుకోవాల్సింది నెత్తురులో: ముక్కు, నోరు, వెనక దారి నుంచి నల్లటి నెత్తురు కారి అది గడ్డకట్టకపోతే, కడుపు త్వరగా ఉబ్బిపోయి కాళ్లు మాత్రం బిగుసుకోకపోతే, దొమ్మ అనుకోవాలి. అలా అనుమానం రాగానే చెయ్యాల్సిన మొదటి పని ఏమీ చెయ్యకపోవడం. కొయ్యొద్దు, ఒలవొద్దు, ఎందుకు చచ్చిందో చూద్దామని పొట్ట కూడా చీల్చొద్దు. దొమ్మ అనుమానం ఉంటే పశువుల డాక్టర్లు కూడా పోస్టుమార్టం చెయ్యరు, చెవి నరం నుంచి చుక్క నెత్తురు తీసుకుని మైక్రోస్కోపు కింద చూస్తారు.

ఎందుకంటే చెప్తాను, ఈ జబ్బు కిటుకంతా ఇందులోనే ఉంది. దీనికి కారణం బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బ్యాక్టీరియా. గొర్రె ఒంట్లో ఉన్నంతసేపూ అది మామూలు రూపంలో లక్షల్లో పెరిగి విషాలు వదులుతుంది. గొర్రె చచ్చాక తోలు చెక్కుచెదరకుండా ఉంటే లోపల కుళ్లు పట్టించే వేరే సూక్ష్మజీవులు దీన్ని చాలావరకు రెండు మూడు రోజుల్లో చంపేస్తాయి. అదే మీరు కత్తి పెట్టి కోశారనుకోండి, నెత్తురు నేల మీద పడుతుంది, గాలి తగులుతుంది. గాలి తగలగానే అది గట్టి పొర కట్టుకుని ముడుచుకుపోతుంది, దాన్ని స్పోరు అంటారు. స్పోరును విత్తనం అనుకోండి, ఎండకు చావదు, వానకు కుళ్లదు, మట్టిలో పదుల ఏళ్లు పడి ఉంటుంది, మళ్లీ ఏ గొర్రె పొట్టలోకో చేరిన రోజున మొలకెత్తుతుంది.

మీ మంద అడవికి వెళ్లకపోయినా సరే, ఎప్పుడో మీ తాతల నాడు ఏ గట్టు కిందో కోసిన పశువు నెత్తురు ఆ మట్టిలో ఉండి ఉండొచ్చు. వేసవంతా ఎండి తొలకరి వాన పడగానే ఆ స్పోర్లు నీటితో పాటు పల్లానికి కొట్టుకొచ్చి చేరతాయి, అప్పుడే మొలిచిన పొట్టి గడ్డిని గొర్రెలు మట్టితో సహా పీకి తింటాయి. అందుకే దొమ్మ వాన పడ్డాక ఎక్కువగా కనిపిస్తుంది. కోరాపుట్ వైపు, మన ఏజెన్సీలో మనుషులకు మళ్లీ మళ్లీ రావడానికి కారణం కూడా ఇదే, నేలలో ఒకసారి పడింది పోదు, చచ్చినదాన్ని కోయడం ఆగదు.

స్పోర్ల మొండితనం ఎంతో తెలియాలంటే స్కాట్లాండ్ పక్కన గ్రూనార్డ్ అనే చిన్న దీవి కథ వినాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటిష్ సైన్యం అక్కడ గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబు పరీక్షించింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా అక్కడ మనుషులు అడుగు పెట్టడానికి లేదు. చివరికి 1986లో ఆ దీవి నేలను టన్నులకొద్దీ ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీళ్లతో తడిపితే, 1990లో గానీ పర్వాలేదని ప్రకటించలేకపోయారు. సైబీరియాలో 2016లో ఇంకా విచిత్రం జరిగింది, గడ్డకట్టి ఉన్న నేల ఎండలకు కరిగి, పాతకాలపు స్పోర్లు బయటపడి రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు చచ్చాయి, ఒక పిల్లాడు చనిపోయాడు. మన దగ్గర ఫార్మాల్డిహైడ్ పట్టుకొచ్చేవాడెవడు, కాబట్టి నెత్తురు నేలపాలు కాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

చేయాల్సింది ఇది. కళేబరం దగ్గరికి కుక్కల్ని, కాకుల్ని రానివ్వకండి, ముక్కు నోరు బట్టతోనో గడ్డితోనో కుక్కి కప్పెట్టండి, చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. 1962కు ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్సుకు అదే నంబరు, లేదా మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పశువుల సహాయకుడికి చెప్పండి. వాళ్ల సమక్షంలో చచ్చిన చోటే, లేదా వీలైనంత దగ్గర్లో, ఆరడుగులకు తగ్గని గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, కట్టెలుంటే కాల్చేయడం ఇంకా మేలు. చెరువు పక్కన, బావి పక్కన పూడ్చకండి. ఆ నెత్తుటి మట్టిని కూడా తవ్వి అదే గొయ్యిలో వెయ్యాలి. దొమ్మ వస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బుల జాబితాలో ఉంది, 2009లో పశువుల అంటువ్యాధుల మీద చేసిన చట్టంలోనే ఉంది, దాస్తే మీకే చిక్కు.

మిగిలిన మందకు టీకా వేయించండి. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ అనే ఆయన తయారుచేసిన టీకానే ఇప్పటికీ ప్రపంచమంతా పశువులకు వాడుతున్నారు. ఏడాదికోసారి, తొలకరికి ముందే వేయించాలి. టీకా పడ్డ రోజుల్లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించొద్దు, అందులో ఉండేది బతికున్న స్పోరే కాబట్టి మందు దాన్ని చంపేస్తుంది, టీకా దండగవుతుంది. టీకా వేసిన గొర్రెను కొన్ని వారాల దాకా కోతకు అమ్మకూడదు కూడా, పండగ ముందు హడావిడిగా వేయించేవాళ్లు ఇది చూసుకోండి.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వేస్తే ఏ జబ్బయినా చస్తుంది కదా డాక్టర్ గారూ? ఆదివారం మటన్ మానేయమంటారా? మా ఆయనకు అప్పుడే టెన్షన్ పట్టుకుంది. – ఒక గృహిణి, గాజువాక

జవాబు: మానక్కర్లేదమ్మా, కొనే చోటు చూసుకుంటే చాలు. దొమ్మ పట్టిన జంతువు రోజుల తరబడి తిరగదు, గంటల్లో పడిపోతుంది. కాబట్టి నిలబడి నడిచొచ్చిన మేకను పశువుల డాక్టరు చూసి, కబేళాలో కోసి, ముద్ర వేసిన మాంసంతో ఈ భయం దాదాపు లేనట్టే. భయమంతా చచ్చినదాన్నో, చావబోతున్నదాన్నో గబగబా కోసి తెల్లారేసరికి సగం ధరకు అమ్మేసేవాళ్లతో. పక్క షాపులో ధరకు సగానికి మటన్ దొరుకుతోందంటే ఎందుకని అడగండి.

కుక్కర్ సంగతి వేరు. మామూలు బ్యాక్టీరియా ఉడికితే చస్తుంది, స్పోరు కథ అది కాదు. ఆస్పత్రుల్లో ఆపరేషన్ సామాన్లను ఉడికించే ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉంచితే చస్తుంది. మీ కుక్కర్ లోపల పెద్ద ముక్క నడిమధ్యలో ఆ వేడి అంతసేపు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. సరే చచ్చిందే అనుకుందాం, ఆ మాంసాన్ని కడిగి కోసింది మీ చేతులు కదా, కూరలు తరిగేటప్పుడు తెగిన వేలు కదా, పీట మీద పక్కన ఉన్నది పచ్చి ఉల్లిపాయలు కదా. విజిల్ దాకా వెళ్లకముందే జరగాల్సింది జరిగిపోతుంది.

ప్రశ్న: అరకులో బొంగు చికెన్ తినొచ్చా? వచ్చే వారం ఫ్రెండ్స్‌తో వెళ్తున్నాం. – ఎంవీపీ కాలనీ

జవాబు: తినండి. ఇది గడ్డి మేసే జంతువుల జబ్బు, కోళ్లకు అంత తేలిగ్గా రాదు. కోడి ఒంటి వేడి మనకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ, ఆ వేడిలో ఈ బ్యాక్టీరియా సరిగ్గా పెరగదని లూయీ పాశ్చర్‌కు అనుమానం వచ్చి, కోళ్లను చన్నీళ్లలో నిలబెట్టి ఒళ్లు చల్లబరిచి అప్పుడు ఎక్కించాడు, పాపం అవి చచ్చాయి. మీ కోడిని ఎవరూ చన్నీళ్లలో నిలబెట్టి ఉండరు. బాగా ఉడికిందో లేదో మాత్రం చూసుకోండి, అది ఆంత్రాక్స్ కోసం కాదు, విరేచనాలు పట్టుకోకుండా.

ప్రశ్న: ఆవు పాల వల్ల వస్తుందా? – పెందుర్తి

జవాబు: పాల వల్ల మనుషులకు రావడం బాగా అరుదు. దొమ్మ పట్టిన ఆవు పాలివ్వడమే మానేస్తుంది. జ్వరంతో ఉన్న ఆవు పాలు వాడకండి, బాగున్న ఆవు పాలు కాచి తాగండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. అమెరికాలో ఉత్తరాల్లో పొడి పంపి చంపారని చదివాను. అంటే ఇది గాలిలో వచ్చే వైరసేనా? కరోనాలాగా వైజాగ్‌లో వ్యాపిస్తే మన పరిస్థితి ఏంటి? – గోపాలపట్నం

జవాబు: వైరస్ కాదు, బ్యాక్టీరియా, అందుకే యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది. ఒక జబ్బుకు ఫలానా బ్యాక్టీరియానే కారణమని మొట్టమొదట రుజువైంది దీనితోనే, 1876లో. రుజువు చేసిన రాబర్ట్ కోచ్ అప్పటికి పెద్ద ప్రొఫెసరేమీ కాదు, పల్లెల మధ్య చిన్న ఊళ్లో ప్రభుత్వ డాక్టరు, ఇంట్లోనే మైక్రోస్కోపు పెట్టుకుని చూశాడు. మన పీహెచ్‌సీ డాక్టర్లు గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి.

ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ ఉంది, అన్నిటికంటే ప్రాణాంతకమైనదీ అదే. మామూలు జలుబు జ్వరంలా మొదలై, రెండు మూడు రోజులకు ఉన్నట్టుండి ఊపిరందక మనిషి కూలిపోతాడు. కానీ అది ఒకరి ఊపిరి నుంచి ఇంకొకరికి పాకదు, ఇక్కడే కరోనాతో పోలిక తెగిపోతుంది. స్పోర్లు పొడిగా గాలిలో లేచి నేరుగా మన ఊపిరిలోకి వెళ్తేనే వస్తుంది. 2001లో అమెరికాలో అదే జరిగింది, ఉత్తరాల్లో వచ్చిన పొడి వల్ల 22 మందికి జబ్బు చేసి ఐదుగురు చనిపోయారు, వాళ్లలో ఉత్తరాలు విడదీసే పోస్టల్ ఉద్యోగులూ ఉన్నారు. అప్పట్లో మన దేశంలో కూడా ఎవరో ఆకతాయిలు కవర్లలో తెల్ల పొడి పంపి జనాన్ని హడలగొట్టారు. అంతకుముందు 1979లో సోవియట్ యూనియన్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో సైనిక కేంద్రం నుంచి స్పోర్లు గాలిలోకి లీకై కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని ఏళ్ల తరబడి ప్రభుత్వం బుకాయించింది, 1992లో గానీ రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఒప్పుకోలేదు. మాంసం మీదికి నెట్టడం వాళ్లకు ఎందుకంత తేలికైందంటే, మాంసంతో రావడం నిజంగానే మామూలు విషయం కాబట్టి.

ఈ స్పోర్లు ఊపిరితిత్తుల్లో రెండు నెలల దాకా కూడా నిద్రపోయి ఉండగలవు, అందుకే అలాంటి పొడి పీల్చినవాళ్లకు లక్షణాలు లేకపోయినా 60 రోజులు మందు వాడిస్తారు. నువ్వు వైజాగ్‌లో భయపడాల్సింది దీనికి కాదు బాబూ, హెల్మెట్ పెట్టుకుని కాలేజీకి వెళ్లు.

ప్రశ్న: డప్పులు కట్టడం మా కులవృత్తి. తోళ్లు గీసేటప్పుడు లేచే దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వస్తుందని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. నిజమేనా అయ్యా? – మధురవాడ

జవాబు: నిజమేనయ్యా, మీ అబ్బాయి సరైనదే చూపించాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని విడదీసే కార్మికులు ఇలాగే చనిపోయేవారు, ఉన్ని విడదీసేవాళ్ల జబ్బు అనే పేరే పెట్టారు దానికి. ఈ మధ్య కాలంలో, 2008లో లండన్‌లో పచ్చి తోళ్లతో డప్పులు చేసే ఒకాయన ఈ రకంతోనే చనిపోయాడు. కానీ అలాంటి కేసులు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, వృత్తి మానుకునేంత భయం అక్కర్లేదు. తయారైన డప్పు వాయించేవాళ్లకు ప్రమాదం చాలా తక్కువ, పచ్చి తోలు నానబెట్టి, బొచ్చు గీకి, ఎండాక రుద్దే మీకే ఎక్కువ.

తోలు ఎక్కడిదో అడిగి కొనండి. కబేళాలో కోసినదాని తోలయితే సరే, ఎక్కడో చచ్చి పడినదాన్ని ఒలిచి తెచ్చానంటే ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఎండు తోలు గీకకుండా తడిపి గీకితే దుమ్ము లేవదు. గీకేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లవ్స్ వాడండి, ఇంటి గదిలో కాకుండా ఆరుబయట, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా చెయ్యండి. చేతి మీద తెగిన గాయముంటే ఆ రోజుకు తోలు ముట్టుకోకండి. గీకిన బొచ్చు, తుక్కు తుడిచి కాల్చేయండి, పెరట్లో పోయకండి. ఎప్పుడైనా జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, నేను తోళ్ల పని చేస్తాను అని ముందే చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడగరు.